మొబైల్ ఆటలతో భాష: ఏది నిలుస్తుంది, ఏది నిలవదు

కొత్త భాషలో ఒక మాట మనసులో పాతుకోవాలంటే అది పదేపదే ఎదురుపడాలి. ఒకే రోజున పదిసార్లు వినిపిస్తే చాలదు. మరుపు మొదలయ్యే వేళకు మళ్ళీ కనిపించాలి, అలా రోజుల తరబడి, నెలల తరబడి సాగాలి. తరగతి గదిలో దీనికి వీలు తక్కువ. నలభైమంది పిల్లల్లో ఎవరు ఏ మాటను ఎప్పుడు మరిచిపోతున్నారో కనిపెట్టడం ఎంత శ్రద్ధగల ఉపాధ్యాయుడికైనా సాధ్యం కాదు. ఫోనుకు అది చిన్న లెక్క. మొబైల్ ఆటలు భాష నేర్చుకోవడానికి తోడ్పడతాయన్న ఆలోచనకు మొదటి ఆధారం ఇదే. రెండో ఆధారం ఆటకు సహజంగా ఉన్న ఆకర్షణ: విసుగు పుట్టించే వల్లెవేతను కూడా ఎవరూ గదమాయించకుండానే అది చేయించగలదు.

మొదటి ఆధారం గట్టిది, నూట ముప్పై ఏళ్ళకు పైబడిన ప్రయోగాలు దాని వెనక ఉన్నాయి. రెండోది అంత సూటిగా లేదు. ఆటలో గెలవడం వేరు, భాష రావడం వేరు. ఆ రెండూ ఒకటయ్యేలా కట్టిన ఆటలు తక్కువ.

మరుపు లెక్క

జ్ఞాపకాన్ని మొదట కొలిచి చూసినవాడు జర్మన్ మనోవిజ్ఞాని హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. అర్థం లేని అక్షరాల గుంపులను తానే బట్టీపట్టి, కొంత కాలం గడిచాక వాటిని తిరిగి నేర్చుకోవడానికి ఎంతసేపు పడుతోందో లెక్కగట్టాడు. 1885లో ఆ ఫలితాలను పుస్తకంగా వేశాడు. నేర్చుకున్నది మొదటి కొన్ని గంటల్లో చాలా వేగంగా జారిపోతుందని, మిగిలినది ఆ తర్వాత నెమ్మదిగా తరుగుతుందని ఆయన గీసిన గీత చూపిస్తుంది. తిరిగి నేర్చుకున్న ప్రతిసారీ ఆ జారుడు కాస్త మందగిస్తుంది.

దీన్ని భాషాబోధనకు అన్వయించినవారిలో అమెరికాకు చెందిన పాల్ పిమ్స్‌లర్ ముఖ్యుడు. 1967లో ఆయన ఒక పట్టిక ప్రతిపాదించాడు. కొత్త మాట చెప్పిన 5 సెకన్లకు ఒకసారి దాన్ని అడగాలి. ఆపైన 25 సెకన్లకు, 2 నిమిషాలకు, 10 నిమిషాలకు, గంటకు, 5 గంటలకు, ఒక రోజుకు, 5 రోజులకు, 25 రోజులకు, 4 నెలలకు, చివరగా 2 ఏళ్ళకు. ప్రతి ఎడమూ దానికి ముందున్న ఎడానికి సుమారు అయిదు రెట్లు. పట్టిక బాగానే ఉంది గాని, దాని ప్రకారం టేపు మీద రికార్డు చేసిన పాఠం అందరికీ ఒకే వేళకు ఒకే మాట అడుగుతుంది. ఒకరికి నోటికొచ్చేసిన మాటే మరొకరికి ఇంకా కొరుకుడుపడి ఉండదు.

ఎవరి మరుపు వాళ్ళదే అన్న సంగతిని పట్టించుకున్న తొలి ప్రసిద్ధ పద్ధతి కాగితంతోనే నడిచింది. సెబాస్టియన్ లైట్నర్ అనే పాత్రికేయుడు 1972లో జర్మన్‌లో రాసిన పుస్తకంలో చీటీల పెట్టె గురించి వివరించాడు. పెట్టెలో వరసగా అరలుంటాయి. జవాబు గుర్తొచ్చిన చీటీ తర్వాతి అరలోకి వెళ్తుంది, గుర్తురానిది మొదటి అరకు తిరిగొస్తుంది. వెనక అరలను అరుదుగా, మొదటి అరను తరచుగా తీసి చూడాలి. 1987లో పోలండ్‌కు చెందిన పియోత్ర్ వొజ్నియాక్ ఇదే పనిని కంప్యూటర్‌కు అప్పగించాడు. ఆయన సూత్రం ప్రకారం కొత్త మాటను మొదట ఒక రోజుకు, తర్వాత 6 రోజులకు అడగాలి. అక్కడి నుంచి ప్రతి ఎడాన్నీ ఒక గుణకంతో హెచ్చించాలి. ఆ గుణకం 2.5తో మొదలవుతుంది. అంటే తేలికగా గుర్తొచ్చే మాట 6 రోజుల తర్వాత 15 రోజులకు, ఆపైన 38 రోజులకు, ఆపైన మూడు నెలలు దాటాక కనిపిస్తుంది. తడబడితే గుణకం తగ్గుతుంది, పూర్తిగా తప్పితే లెక్క మొదటికొస్తుంది. 2006లో వచ్చిన ఆంకీ అనే ఉచిత ప్రోగ్రాము ఈ సూత్రాన్ని ప్రపంచమంతటికీ చేర్చింది. ఇప్పుడు ఫోనుల్లో కనిపించే భాషా ఆటల్లో చాలావాటి అడుగున ఇలాంటి లెక్కే ఏదో ఒకటి నడుస్తుంటుంది. భాషలు నేర్పే యాప్ నడిపే డుయోలింగో సంస్థ పరిశోధకులు 2016లో ప్రచురించిన పద్ధతిలోనైతే ఒక్కో మాటకు ఒక్కో అభ్యాసి మనసులో ఎంత ఆయుష్షు ఉందో పాత జవాబులను బట్టి అంచనా కడతారు.

మాటను మళ్ళీ చూపించడమొక్కటే చాలదు, అడగాలి కూడా. ఈ తేడాను తేల్చిన ప్రయోగాన్ని జెఫ్రీ కార్పికీ, హెన్రీ రోడిగర్ 2008లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. అమెరికన్ విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలు, వాటి ఇంగ్లీషు అర్థాలతో సహా ఇచ్చారు. ఒకసారి సరిగ్గా చెప్పగలిగిన మాటను కొందరికి మళ్ళీ మళ్ళీ చదవడానికి మాత్రమే ఇచ్చారు, పరీక్ష మానేశారు. మరికొందరికి చదవడం మానిపించి పరీక్ష మాత్రం కొనసాగించారు. వారం తర్వాత, పరీక్ష కొనసాగినవారు సుమారు 80 శాతం మాటలు చెప్పగలిగారు. చదువుతూ పోయినవారికి గుర్తున్నవి మూడో వంతుకు కాస్త ఎక్కువ. విచిత్రమేమిటంటే ప్రయోగం మధ్యలో ఎంత గుర్తుంటుందని అడిగితే రెండు గుంపులవాళ్ళూ ఇంచుమించు ఒకే అంచనా చెప్పారు. తమకు ఏది మేలు చేస్తోందో అభ్యాసులకు తెలియదన్నమాట. ఆటల విషయంలో ఇది గుర్తుంచుకోవాల్సిన సంగతి. ఆట స్వభావమే అడగడం, జవాబు రాబట్టడం. ఆ మేరకు అది చదివి మూసేసే పాఠ్యపుస్తకం కంటే నయం.

బొటనవేలు నేర్చుకునేది, నాలుక నేర్చుకునేది

అయితే ఆట అడిగేది భాషనేనా? జపాన్‌లో జోనతన్ డిహాన్ బృందం 2010లో ప్రచురించిన ప్రయోగం ఈ ప్రశ్నకు ఇబ్బందికరమైన జవాబిచ్చింది. 80 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులను జంటలుగా కూర్చోబెట్టారు. ఇద్దరిలో ఒకరు ఇంగ్లీషు ర్యాప్ పాటకు తగ్గట్టు మీటలు నొక్కే సంగీతపు వీడియోగేమ్ ఆడారు, రెండోవారు అదే ఆటను వేరే తెర మీద ఊరికే చూశారు. తర్వాత పాటలోని మాటల మీద పరీక్ష పెడితే చూసినవాళ్ళకే ఎక్కువ మాటలు గుర్తున్నాయి. ఆడినవాళ్ళ ధ్యాసంతా తాళం తప్పకుండా మీట నొక్కడంలో ఖర్చయిపోయింది. మాటల అర్థం తెలియకపోయినా ఆ ఆటలో గెలవొచ్చు కాబట్టి, గెలవాలన్న పట్టుదల మాటలకు పనికిరాలేదు.

దీనికి విరుగుడు ఏమిటో లెక్కల ఆట ఒకటి చూపించింది. బ్రిటన్‌లో జేకబ్ హాబ్‌గుడ్, షారన్ ఎయిన్స్‌వర్త్ భాగహారం నేర్పే ఆటను రెండు రకాలుగా తయారుచేశారు. ఒకదాంట్లో శత్రువును ఓడించడమే భాగహారం: అస్థిపంజరం ఛాతీ మీదున్న సంఖ్యను నిశ్శేషంగా భాగించే ఆయుధాన్ని ఎంచుకోవాలి. రెండోదాంట్లో పోరాటం వేరు, మధ్యమధ్యలో వచ్చే లెక్కల ప్రశ్నలు వేరు. 2011లో వెలువడిన ఫలితాల ప్రకారం మొదటి ఆట ఆడిన పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు. ఏ ఆట కావాలో వాళ్ళకే వదిలేస్తే మొదటిదాని మీద ఏడు రెట్లకు పైగా సమయం గడిపారు.

భాషకు వర్తింపజేస్తే కొలబద్ద సులువే. మాట అర్థం కాకుండా, శబ్దం పోల్చుకోకుండా, వాక్యం కూర్చకుండా ఆ ఆటలో గెలవడం వీలవుతుందా అని చూడాలి. వీలైతే అది భాషా ఆట కాదు, భాషను అతికించిన ఆట. బొమ్మల మధ్య పరుగెత్తి నాణేలు ఏరుకుని, ప్రతి మలుపులో ఒక పదం అర్థం అడిగి వదిలేసే ఆటలన్నీ ఈ రెండో రకానికే చెందుతాయి. యాప్ దుకాణాల్లో కనిపించేవి ఎక్కువగా అవే, ఎందుకంటే ఉన్న ఆటకు పదాల జాబితా తగిలించడం తేలిక. ఆడుతున్న పిల్లవాడు ప్రశ్న రాగానే నాలుగు జవాబుల్లో ఏదో ఒకటి నొక్కేసి పరుగుకు తిరిగొస్తాడు. నిజానికి అది తెలివైన పనే, ఆ ఆటలో గెలుపు పరుగులోనే ఉంది మరి.

చెవికి సాధన

ఆటకు, భాషకు పొత్తు బాగా కుదిరే చోటు శబ్దాలు. జపనీయులకు ఇంగ్లీషులోని ‘ర’, ‘ల’ ధ్వనుల తేడా వినపడదు, వాళ్ళ భాషలో ఆ విభజన లేదు. 1991లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో డేవిడ్ పిసోనీ బృందం వాళ్ళకు ఒక సాధన ఇచ్చింది. మాట వినిపిస్తుంది, తెర మీద రెండు మాటలు ఉంటాయి, విన్నది ఏదో నొక్కాలి, తప్పో ఒప్పో వెంటనే తెలుస్తుంది. కీలకమేమిటంటే ఆ మాటలను ఒకే గొంతుతో కాక అనేకమంది గొంతులతో రికార్డు చేశారు. ఇలా సాధన చేసినవాళ్ళు అంతకుముందు వినని కొత్త గొంతులో కూడా తేడా పట్టగలిగారు. తర్వాతి అధ్యయనాల్లో, నోరు తెరవమని ఎవరూ చెప్పకపోయినా వాళ్ళ ఉచ్చారణ కూడా మెరుగైందని తేలింది.

ఇది ప్రయోగశాలలో జరిగిన పని. కానీ దాని రూపురేఖలు చూస్తే మొబైల్ ఆటే. ఒక్కో ప్రశ్నకు రెండు మూడు సెకన్లు, వెంటనే ఫలితం, క్రమంగా పెరిగే కష్టం. చెవికి తేడా తెలియకపోతే గెలుపు లేదు, దాటవేసే దారీ లేదు. ఇంగ్లీషు నేర్చుకునే తెలుగువారికి ఇలాంటి చోట్లు చాలానే ఉన్నాయి. చొక్కా మీద వేసుకునే ‘వెస్ట్’, పడమరను చెప్పే ‘వెస్ట్’ తెలుగు లిపిలో ఒకేలా ఉంటాయి, తెలుగు నోటిలోనూ ఒకటే. మొదటిదానికి పై పళ్ళు కింది పెదవికి తగలాలి, రెండోదానికి పెదవులు సున్నాలా చుట్టుకోవాలి. రెండు మూడు వేల సార్లు విని ఎంచితే తప్ప చెవికి పట్టని తేడా ఇది. అన్నిసార్లు ఓపిగ్గా పలికే టీచరు దొరకడం కష్టం. తెలుగు నేర్చుకునే హిందీవారికి అటువంటి చోటు హ్రస్వ ‘ఎ’, దీర్ఘ ‘ఏ’ల దగ్గర ఎదురవుతుంది. మెడ, మేడ వాళ్ళకు ఒకేలా వినిపిస్తాయి.

అక్షరాలు నేర్పే ఆట

మొబైల్ ఆటల్లో బహుశా అన్నిటికంటే ఎక్కువ పరిశోధన జరిగింది ఫిన్లాండ్‌లో పుట్టిన గ్రాఫోగేమ్ మీద. యువస్కూలా విశ్వవిద్యాలయంలో హెయిక్కి లూటినెన్, ఆయన సహచరులు చదవడంలో ఇబ్బంది పడే అవకాశం ఉన్న పిల్లలను పుట్టినప్పటి నుంచి ఏళ్ళ తరబడి గమనించారు. అక్షరానికీ ధ్వనికీ ఉన్న లంకె కుదరకపోవడమే చాలామంది పిల్లలకు అడ్డంకి అని గుర్తించి, ఆ లంకెను మాత్రమే సాధన చేయించే ఆట తయారుచేశారు. పిల్ల హెడ్‌ఫోన్ పెట్టుకుంటుంది, ఒక ధ్వని వినిపిస్తుంది. తెర పైనుంచి బంతుల మీద రాసిన అక్షరాలు దిగుతుంటాయి, సరైనది నేలను తాకేలోపు నొక్కాలి. తప్పు నొక్కితే సరైనది చూపించి, ఆ అక్షరాన్నే మరికాసేపటికి మళ్ళీ దింపుతుంది. ఎక్కువగా పొరబడే అక్షరాలు ఎక్కువగా వస్తాయి.

2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఇంకా బడిలో చదవడం మొదలుపెట్టని స్విట్జర్లాండ్ పిల్లలు ఎనిమిది వారాల్లో మొత్తం నాలుగు గంటలకంటే తక్కువసేపు ఈ ఆట ఆడారు. ఆ తర్వాత తీసిన మెదడు స్కాన్లలో, అచ్చు మాటలు చూసినప్పుడు చదివేవారిలో స్పందించే ప్రాంతమే ఈ పిల్లల్లోనూ స్పందించడం మొదలైంది. అంత తక్కువ సమయానికి అది పెద్ద మార్పే.

ఇంత మంచి ఆరంభం తర్వాత వచ్చిన ఫలితాలు మాత్రం ఒక దారిన లేవు. ఇంగ్లండ్ బడుల్లో జరిగిన పరీక్షలో ఆట ఆడిన పిల్లలకూ ఆడనివారికీ చదవడంలో తేడా కనిపించలేదు. 2020లో వివిధ దేశాల్లోని 19 అధ్యయనాలను కలిపి లెక్కవేస్తే మాటలు చదివే నైపుణ్యం మీద సగటు ప్రభావం ఇంచుమించు సున్నా. కానీ ఆ సగటు వెనక ఒక గీత స్పష్టంగా ఉంది. పిల్ల ఆడుతున్నప్పుడు పక్కన పెద్దవాళ్ళు ఉండి మాట్లాడిన చోట, ఆటలో వచ్చినదాన్ని పాఠంతో కలిపిన చోట ఫలితం గట్టిగా ఉంది. ఫోను చేతికిచ్చి వదిలేసిన చోట లేదు. జాంబియాలో న్యాంజా భాషలో ఈ ఆటను ఫోనుల మీద పరీక్షించినప్పుడు కూడా ఇలాంటిదే తేలింది. ఒకటో తరగతి పిల్లలతో పాటు వాళ్ళ ఉపాధ్యాయులు కూడా అదే ఆట ఆడిన తరగతులు ముందున్నాయి. ఆట ద్వారా అక్షర–ధ్వని పద్ధతి ఉపాధ్యాయులకు కూడా అలవాటై, నల్లబల్ల మీద బోధన మారి ఉండవచ్చు. 

పల్లె పిల్లలు, పాత ఆటలు

స్మార్ట్‌ఫోన్లు పల్లెలకు చేరక ముందే, మామూలు మీటల ఫోనుల కాలంలో, భారతదేశంలో ఒక ప్రయత్నం జరిగింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో పరిశోధన చేస్తున్న మాథ్యూ కామ్ 2004లో మొదలుపెట్టిన మిల్లీ అనే ప్రాజెక్టు అది. పొలం పనికో ఇంటి పనికో వెళ్ళి బడికి సరిగా రాలేని పిల్లలకు ఫోను ఆటల ద్వారా ఇంగ్లీషు నేర్పడం దాని ఉద్దేశం. మొదట ఉత్తరప్రదేశ్ పల్లెల్లో నడిచింది, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ గ్రామాలకు కూడా వచ్చింది.

మొదట తయారైన ఆటలు పాశ్చాత్య వీడియోగేముల పోకడలోనే ఉండేవి. నగరాల పిల్లలకు చెప్పకుండానే తెలిసే ఆ సంప్రదాయాలు ఈ పిల్లలకు అంతుపట్టలేదు. ఏం చేస్తే గెలుస్తామో, ఏం చేస్తే ఓడిపోతామో తెలియకపోతే ఇంగ్లీషు సంగతి తర్వాత, ఆటే ముందుకు కదలదు. అప్పుడు పరిశోధకులు వెనక్కి వెళ్ళి, పల్లె పిల్లలు వీధుల్లో ఆడుకునే 28 సంప్రదాయ ఆటలను గమనించారు. గుంపుగా ఎలా విడిపోతారు, దొంగ ఎవరో ఎలా తేలుస్తారు, ఓడినవాడికి శిక్ష ఏమిటి, చిన్నపిల్లలకు ఏ సడలింపు ఉంటుంది అన్న వివరాలన్నీ రాసుకున్నారు. ఆ నియమాల మీద కట్టిన కొత్త ఆటలను పిల్లలు త్వరగా అందుకున్నారు. దాగుడుమూతలో, కోతికొమ్మచ్చో, తొక్కుడుబిళ్ళో ఆడిన పిల్లకు ఆట నియమాలు కొత్త కావు, తెరే కొత్త.

ఒక పల్లెలో బడి అయ్యాక సెమిస్టరు పొడవునా నడిపిన కార్యక్రమంలో పిల్లలంతా మొదటికంటే మెరుగుపడ్డారు, కాకపోతే పై తరగతుల పిల్లలకు లాభం ఎక్కువగా దక్కింది. పునాది ఉన్నవాడికే ఆట ఎక్కువ ఇస్తుందన్న సంగతి ఇలాంటి అధ్యయనాల్లో తరచూ ఎదురయ్యేదే. 2010లో ప్రచురించిన మరో అధ్యయనంలో పిల్లలకు ఫోనులిచ్చి, పర్యవేక్షణ లేకుండా 26 వారాలు చూశారు. పిల్లలు ఇష్టంగానే ఆడారు, కొంత నేర్చుకున్నారు కూడా. ఎప్పుడు ఆడగలరు, ఎవరితో ఆడగలరు అన్నది మాత్రం ఫోను నిర్ణయించలేదు. పనివేళలు, కులం, ఆడపిల్లో మగపిల్లాడో అన్న తేడాలు నిర్ణయించాయి.

ఇదే తోవలో చైనాలో చేసిన ఒక ఆట రూపకల్పనలో మరింత సొగసైనది. అక్కడ డప్పు మోగుతుండగా పువ్వును చేతులు మార్చే పాత ఆట ఒకటి ఉంది. దాన్ని చీనీ అక్షరాలకు మలిచారు. పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు, ఒకే ఒక ఫోను చేతులు మారుతుంటుంది, అందులోంచి డప్పు చప్పుడు వస్తుంటుంది. చప్పుడు ఆగిన క్షణంలో ఫోను ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు అనుకున్న అక్షరంలో తర్వాతి గీత గీయాలి. గీతల వరస చీనీ రాతలో ముఖ్యం కాబట్టి ముందువాళ్ళు గీసినదాన్ని అందరూ కళ్ళప్పగించి చూడాల్సిందే. ఫోను కొరత ఇక్కడ లోపం కాలేదు, ఆటకు అదే ప్రాణమైంది.

గొంతు వినే ఫోను

వినడం, చదవడం దాటి మాట్లాడించాలంటే ఫోను కూడా వినగలగాలి. పిల్లల గొంతును, అందులోనూ స్థానిక యాసను యంత్రం పోల్చుకోవడం కష్టం, ఎందుకంటే మాటను గుర్తించే వ్యవస్థలు ఎక్కువగా పెద్దల గొంతుల మీద తయారవుతాయి. గూగుల్ 2019లో భారతదేశంలో విడుదల చేసిన బోలో యాప్ ఈ దిశలో పెద్ద అడుగు. పిల్లవాడు కథ పైకి చదువుతుంటే దియా అనే బొమ్మ వింటుంది, ఆగిపోతే మాట అందిస్తుంది, మధ్యలో పదాల ఆటలు పెడుతుంది. కథలు దించుకున్నాక ఇంటర్నెట్ లేకుండానే పనిచేయడం పల్లెలకు కలిసొచ్చింది. మొదట హిందీ, ఇంగ్లీషులకే పరిమితమైన ఈ యాప్ 2020లో రీడ్ అలాంగ్ పేరుతో తెలుగుతో సహా తొమ్మిది భాషలకు విస్తరించింది. తప్పు చదివినా నవ్వేవాళ్ళు ఎదుట లేకపోవడం బిడియస్తులకు పెద్ద ఊరట. భాష నేర్చుకోవడంలో భయం ఎంత అడ్డో తెలిసినవారు దీన్ని తక్కువ చేసి చూడరు.

పాయింట్లు, వరసలు, అలవాట్లు

లూయిస్ వాన్ ఆన్, సెవరిన్ హాకర్ 2011లో పిట్స్‌బర్గ్‌లో స్థాపించి, 2012లో జనం ముందుకు తెచ్చిన డుయోలింగో వాణిజ్యపరంగా ఈ రంగానికి నమూనా అయింది. తెలుగు మాధ్యమంగా ఇంగ్లీషు నేర్పే కోర్సు కూడా అందులో చేరింది. పాఠం చిన్నది, నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. పాయింట్లు వస్తాయి, వారం వారం పట్టికలో పైకీ కిందికీ కదలికలుంటాయి. అన్నిటికంటే బలమైనది రోజుల వరస: ఒక్కరోజు ఆడకపోయినా ఇన్నాళ్ళ వరస తెగిపోతుంది. లాభం ఇచ్చే సంతోషం కంటే నష్టం పెట్టే బాధ మనిషిని గట్టిగా కదిలిస్తుందని డేనియల్ కానెమన్, ఎమాస్ ట్వెర్‌స్కీ 1979లో చెప్పిన సిద్ధాంతం ఈ వరసకు సరిగ్గా సరిపోతుంది.

ఎడం ఎడంగా సాధన చేయాలన్న సూత్రానికి రోజువారీ అలవాటు మంచిదే. చిక్కు ఎక్కడంటే, అర్ధరాత్రి లోపు వరస కాపాడుకోవడమే లక్ష్యమైతే మనిషి వెతికేది అతి తేలికైన పాఠాన్ని. అప్పటికే వచ్చిన మాటలనే మళ్ళీ నొక్కి, పాయింట్లు జేబులో వేసుకుని పడుకుంటాడు. బహుమతి గురించి ఇంకా పాత హెచ్చరిక కూడా ఒకటుంది. 1973లో మార్క్ లెపర్ బృందం బొమ్మలు గీయడం సహజంగా ఇష్టపడే చిన్నపిల్లల్లో కొందరికి గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పి గీయించింది. కొద్దిరోజుల తర్వాత, బహుమతి ఊసు లేనప్పుడు, ఆ పిల్లలు గీయడానికి కేటాయించిన సమయం మిగతావారిలో సగమే. భాష మీద మొదటే ఆసక్తి ఉన్నవారికి పాయింట్లు మేలుకంటే కీడే చేయవచ్చు. ఆసక్తి లేనివారిని గుమ్మం దాకా తేవడానికి మాత్రం అవి పనికొస్తాయి.

నేర్పాలని చేయని ఆటలు

భాష నేర్పడం ఊసే లేని మామూలు ఆటలు కూడా భాష నేర్పుతాయి, కొన్నిసార్లు ఎక్కువే. స్వీడన్‌లో పియా సుండ్‌క్విస్ట్, లీస్ షెర్స్టిన్ సిల్వెన్ 11, 12 ఏళ్ళ పిల్లల మీద చేసిన అధ్యయనంలో, వారానికి 5 గంటలకు పైగా ఇంగ్లీషు డిజిటల్ ఆటలు ఆడేవారు పదజాలంలోనూ అర్థం చేసుకోవడంలోనూ ముందున్నారు. ఆడేవారిలో అబ్బాయిలే ఎక్కువ. ఆ ఆటల్లో సహ ఆటగాళ్ళతో మాట్లాడకపోతే, సూచనలు చదవకపోతే ఆట సాగదు. గెలుపుకీ భాషకీ లంకె దానంతటదే పడింది. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళే ఇలాంటి ఆటలకు ఎక్కువగా మొగ్గుతారేమోనన్న సందేహానికి ఇటువంటి అధ్యయనాలు పూర్తి జవాబు ఇవ్వలేవు.

కొన్ని పనులు ఏ ఆటా చేయలేదు. న్యూజీలాండ్ భాషావేత్త పాల్ నేషన్ లెక్క ప్రకారం ఇంగ్లీషు పుస్తకాన్ని ఎవరి సాయమూ లేకుండా చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు తెలిసి ఉండాలి. రోజుకు 5 కొత్త మాటలు నేర్పే ఆటను ఒక్కరోజూ మానకుండా ఆడినా ఏడాదికి 1,825. అంటే నాలుగేళ్ళకు పైనే. మొదటి వెయ్యి రెండు వేల మాటల వరకు ఆట చురుగ్గా తీసుకెళ్తుంది, అక్కడి నుంచి పుస్తకాలు, సినిమాలు, మనుషులే దిక్కు. మనుషుల సంగతికొస్తే, 2003లో పాట్రిషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పసిపిల్లలకు 12 విడతల్లో మాండరిన్ వినిపించింది. ఎదురుగా కూర్చుని ఆడించిన మనిషి నుంచి పిల్లలు ఆ ధ్వనుల తేడా గ్రహించారు, అదే మనిషిని వీడియోలో చూసినవారు గ్రహించలేదు. పసిపిల్లల ఫలితాన్ని పెద్దలకు నేరుగా అన్వయించకూడదు గాని, రెండేళ్ళు నిండని బిడ్డ చేతికి భాష వస్తుందన్న ఆశతో ఫోను ఇచ్చేవారు దీన్ని పట్టించుకోవాలి.

తెలుగు కోసం ఆట కట్టాలంటే

విదేశాల్లోని తెలుగు పిల్లలకు వారాంతపు తరగతులున్నాయి. 2007లో కాలిఫోర్నియాలో మొదలైన సిలికానాంధ్ర మనబడి లాంటివి వాటిలో ఉన్నాయి. ఇంట్లో వింటున్న తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది, చదవడం రాయడం వారానికి ఒక్కరోజు. మిగతా ఆరు రోజుల ఖాళీయే మరుపు గీత దిగజారే చోటు. రోజుకు పది నిమిషాల ఆటకు ఇంతకంటే తగిన సందు ఉండదు.

అయితే ఇంగ్లీషు ఆటలో అక్షరాలు మార్చేస్తే తెలుగు ఆట కాదు. ఐదు గళ్ళలో పదాన్ని ఊహించే ఆటల్లో ఒక్కో గడికి ఒక్కో అక్షరం. ‘స్త్రీ’ తెలుగువారికి ఒకే అక్షరం. కంప్యూటర్‌కు అది సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, దీర్ఘం అనే ఆరు యూనికోడ్ గుర్తులు. గుర్తులను లెక్కపెట్టే ప్రోగ్రాము ఆ ఒక్క అక్షరానికి ఆరు గళ్ళు అడుగుతుంది, లేదా పొల్లును విడిగా ఒక గడిలో కూర్చోబెడుతుంది. గుణింతాలు, ఒత్తులు విడగొట్టకుండా అక్షరాన్ని అక్షరంగా చూసేలా ముందే రాసుకోవాలి.

పలకలు పేర్చి వాక్యం కట్టే ఆటలో మరో చిక్కు. ‘నేను రేపు ఊరికి వెళ్తాను’ అన్నా, ‘రేపు నేను ఊరికి వెళ్తాను’ అన్నా, ‘ఊరికి నేను రేపు వెళ్తాను’ అన్నా తెలుగే. ఇంగ్లీషు నమూనాలో ఒకే జవాబు పెట్టుకున్న ఆట మిగతావాటిని తప్పంటుంది. సరిగ్గా చెప్పిన పిల్లకు తప్పు గంట వినిపిస్తే, నేర్చుకునేది తెలుగు మీద అనుమానమే. ‘ఇల్లు’ అన్న చీటీ ఒక్కటే చూపిస్తే ‘ఇంటికి’, ‘ఇంట్లో’, ‘ఇళ్ళు’ ఎదురైనప్పుడు అవి అదే మాటని తట్టదు కాబట్టి, మాటను దాని రూపాలతో కలిపి తిప్పాలి. నువ్వు, మీరులను ఖాళీ వాక్యంలో అడగడం కూడా అన్యాయం. తాతయ్య బొమ్మో చెల్లెలి బొమ్మో పక్కన ఉంటేనే ఆ ప్రశ్నకు జవాబుంటుంది.

గొంతుల విషయంలో పిసోనీ బృందం ఫలితాన్ని నేరుగా వాడుకోవచ్చు. ఒక స్టూడియోలో ఒకే గొంతుతో చేసిన రికార్డింగు ఖర్చుకు తక్కువ, చెవికి చాలదు. అమ్మమ్మ కడపలో ఉంటే ఒక తెలుగు, నానమ్మ కరీంనగర్‌లో ఉంటే మరో తెలుగు. ‘వెళ్తాను’, ‘పోతాను’, ‘పోత’ మూడింటినీ సరైన జవాబుగా ఒప్పుకుంటూ, ప్రతి మాటనూ కోస్తా, సీమ, తెలంగాణ, ఉత్తరాంధ్ర గొంతుల్లో ఆడవాళ్ళ చేత, మగవాళ్ళ చేత, ముసలివాళ్ళ చేత, పిల్లల చేత పలికిస్తే, ఆట దాటి బయటికొచ్చిన పిల్లకు వీడియో కాల్‌లో ఎవరు మాట్లాడినా అర్థమయ్యే అవకాశం పెరుగుతుంది.